చర్మం తెలిసిన చేతులు

కుక్క బొచ్చు కత్తిరించే మంచి గ్రూమర్ పనితనం ఆ జీవి చర్మం మీదే తెలుస్తుంది. షీట్జూ జాతి కుక్క చంకల్లో, చెవుల వెనక చిక్కులు విడదీశాకే క్లిప్పర్ చేతపడతారు. మధ్యమధ్యలో బ్లేడును తన మణికట్టుకు ఆనించి చూసి, వేడెక్కితే మారుస్తారు. పొట్ట దగ్గర పలచటి చర్మం మీద బొచ్చు వాలిన వైపే, నొక్కకుండా నడుపుతారు. కుక్క చర్మానికి మన చర్మమంత ఆమ్లగుణం ఉండదు. అందుకే మనుషుల షాంపూ వాడరు. నురగ మిగలకుండా కడిగి, వేళ్ల సందుల దాకా ఆరబెడతారు.

ఎక్కడైనా ఎర్రబడితే చల్లటి తడిగుడ్డ వేస్తారు, నాకకుండా మెడ చుట్టూ గరాటు లాంటి కాలర్ కడతారు, యజమానికి దాచకుండా చెబుతారు. టీ ట్రీ నూనె పూయవద్దని, రసి కారితే పశువైద్యుడికి చూపించమని హెచ్చరిస్తారు. నోరులేని జీవి బాధను ముందే పసిగట్టే ఈ నేర్పు ఎంతో గౌరవించదగినది.