ఖండచలనం: చూపే సాక్ష్యం, తేల్చిన సాక్ష్యం

హాలియా నుండి నాగార్జునసాగరం వైపు పోయే దారిలో నేల చాలావరకు గ్రానైటు జాతి రాయి. నల్లగొండ, మహబూబునగరం మెట్టసీమలలో ఇట్టి రాతిని చీల్చుకొని, నల్లని డోలరైటు పొడవైన గోడలవలె అక్కడక్కడ నిలిచివుంటుంది. పూర్వం భూగర్భంలోని ద్రవశిల పగుళ్లలోకి ఎక్కి గట్టిపడగా ఏర్పడిన గోడలివి. ఖండాలు కదలినవా అన్న ప్రశ్నకు ఇటువంటి నల్లరాళ్లే గట్టి సాక్షులు. అయినా ఆ సిద్ధాంతాన్ని వివరించే రచనలు చాలావరకు వీటిని ఒక వాక్యంతో దాటవేస్తవి.

ఆఫ్రికా, దక్షిణ అమెరికా తీరాలు ఒకదానిలో ఒకటి అమరుతవని పటం గీసి, గ్లోసోప్టెరిస్ ఆకు ముద్రలను పేర్కొని, విషయం తేలిపోయినట్లే ముగించడం వాడుక. ఆ ముద్రలు గోదావరి లోయ బొగ్గుపొరల సమూహంలోనూ, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలలోనూ దొరికినవి. సాక్ష్యం మంచిదే. కాని ఆనాడే దానికి వేరొక సమాధానం ఉండేది: ఖండాల నడుమ భూసేతువులుండి తరువాత సముద్రంలో మునిగినవని. తేలికైన ఖండశిల బరువైన సముద్రపు అడుగులోకి ఎట్లా మునుగుతుందని వెగనర్ వేసిన ఎదురుప్రశ్న న్యాయమైనది. అయినా ఎదురుప్రశ్న నిరూపణ కాదు.

1912లో వాదాన్ని ప్రతిపాదించి, 1915లో గ్రంథంగా వెలువరించిన ఆల్‌ఫ్రెడ్ వెగనర్ చూపిన చాలకశక్తులు ఖండాలను కదపడానికి బొత్తిగా చాలవు. జెఫ్రీస్ ఆక్షేపణ సారం ఇదే. గ్రీన్‌లాండు ఏటా పదుల మీటర్లు జరుగుతున్నదని వెగనర్ నమ్మిన కొలతలు కూడా తప్పినవి. నేడు ఉపగ్రహాల సాయంతో కొలిస్తే, ఖండాల వేగం ఏటా సెంటీమీటర్లలోనే ఉన్నది. వెగనర్‌ను కాదన్నవారందరినీ మొండివారుగా చిత్రించడం చరిత్రకు అన్యాయం.

అసలు మలుపు అయస్కాంతం వల్ల వచ్చింది. ద్రవశిల చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజ రేణువులు ఆనాటి భూఅయస్కాంత దిశను పట్టివుంచుకొంటవి. ఆ దిశ భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా, ధ్రువాల దగ్గర నిలువుగా ఉంటుంది. కనుక వాలును కొలిస్తే రాయి పుట్టిన అక్షాంశం తెలుస్తుంది. 1956లో క్లెగ్, డాయిష్, గ్రిఫిత్స్ భారతదేశపు శిలల అయస్కాంతత్వంపై ఫలితాలను ప్రకటించారు. సుమారు 6.6 కోట్ల ఏండ్లనాటి దక్కను ట్రాపులు దక్షిణాన 30 డిగ్రీల చేరువలో చల్లారినట్లు ఇట్టి కొలతలు చూపినవి. అంటే అప్పటినుండి ఈ నేల 5,000 కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి వచ్చింది. ధ్రువమే జరిగివుండరాదా అనవచ్చు. అట్లయితే ఐరోపా రాళ్లు, మన రాళ్లు ఒకే దారిని చూపవలె, చూపలేదు. 1963లో వైన్, మాథ్యూస్ హిందూమహాసముద్రంలోని కార్ల్స్‌బర్గు శిఖరశ్రేణి వద్ద దొరికిన అయస్కాంత చారలతో, సముద్రపు అడుగే విస్తరిస్తున్నదని వాదించారు. అక్కడితో సేతువుల వాదానికి నిలువనీడ లేకపోయింది.

అయితే నల్లరాయికీ హద్దులున్నవి. మహబూబునగరం గోడలలో కొన్నిటి వయస్సు సుమారు 218 కోట్ల ఏండ్లు. గోండ్వానా విడిపోవడాన్ని గురించి అవేమీ చెప్పలేవు, అది నిన్నమొన్నటి ముచ్చట. పైగా వాలు అక్షాంశాన్నే ఇస్తుంది, రేఖాంశాన్ని ఇవ్వదు. తరువాతి వేడి పాత గుర్తును చెరిపివేయవచ్చు. అట్టి ఒక్క గుంపు రాళ్లపై ఆదికాలపు మహాఖండాల పటాలు గీసినప్పుడు చదువరి కాస్త ఆగవలె.

పరిశోధకులు రాతిని తీయకముందే దానిపై ఉత్తర దిశను, వాలును గుర్తుపెడతారు. క్వారీలో పగిలి, లారీ ఎక్కి హాలియా బజారులో దిగిన నల్లరాయి ఎంత నునుపైనదైనా, ఈ విచారణలో సాక్ష్యానికి పనికిరాదు.