కాలవగట్టు సైకిలు, పెరటి మామిడి

చైత్రం చివర్లో గోదావరి డెల్టాలో సైకిలు తొక్కాలంటే తెల్లవారుజామునే బయల్దేరాలి. తొమ్మిది దాటిందంటే తారు రోడ్డు సెగలు కక్కుతుంది. ఆరింటికల్లా ధవళేశ్వరం దగ్గర కాలవగట్టు ఎక్కితే కడియం దాకా చల్లగాలే తోడు. ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క కోతకొచ్చిన దాళ్వా వరి, మధ్యమధ్య ఊళ్లలో ప్రహరీ గోడలు దాటి రోడ్డు మీదికి వంగిన మామిడి కొమ్మలు. కారులో పోయేవాళ్లకు అదంతా ఒకటే పచ్చదనం. సైకిలు మీద వెళ్లేవాళ్లకు ఆకుల సందుల్లోంచి కాయ కనిపిస్తుంది. పొడుగ్గా ఉందా, బోదగా ఉందా, రసమా, బంగినపల్లా అన్నది పోల్చుకునేంత తీరిక ఉంటుంది.

ఈ దారి సైకిలుకు ఇంత అనువుగా ఉండటానికి కారణం కాలవే. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతటా కాలవలు అల్లుకున్నాయి. నీరు నెమ్మదిగా పారాలంటే వాలు అతి తక్కువగా ఉండాలి. గట్టు మీద దారికీ అదే వాలు. ఎక్కడా దిగి తోయాల్సిన పని లేదు.

బజారులో ఇప్పుడు బంగినపల్లిదే రాజ్యం. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రుచి సరే, దాని అసలు బలం ఓర్పు. కోశాక నిలవుంటుంది, లారీలో దూరాభారం వెళ్లినా తట్టుకుంటుంది. చెరుకురసానికీ చిన్నరసానికీ ఆ ఓర్పు లేదు. బాగా పండిన రసం వేలితో నొక్కితే లోపలికి పోతుంది. ముక్కలు కోయడానికి కుదరదు, మెత్తగా పిసికి తొడిమ దగ్గర కొరికి జుర్రుకోవాల్సిందే. కొత్తపల్లి కొబ్బరి అయితే గోదావరి జిల్లాల్లో ఆవకాయకు పెట్టింది పేరు.

ఇలాంటి రకాలకు పెరడే అండ. పెరటి చెట్టు పండు మహా అయితే పక్కూళ్లో ఉన్న పిన్నిగారింటి దాకా వెళుతుంది, అదీ సైకిలు హ్యాండిలుకు తగిలించిన సంచిలో, అరగంట ప్రయాణం. ఆ మాత్రం దూరానికి ఎంత మెత్తటి పండయినా చెక్కుచెదరదు. అందుకే పెరట్లో చెట్టు వేసేవాళ్లు లారీ సంగతి మరిచిపోయి, నాలుకకు నచ్చిన రకాన్నే ఎంచుకోవచ్చు.

ఆ రకం దొరకాలంటే మాత్రం అంటుమొక్కే కావాలి. టెంక పాతినా చెట్టు వస్తుంది. కానీ పూతకు ఏ చెట్టు పుప్పొడి తగిలిందో ఎవరికి తెలుసు? తల్లి రుచే వస్తుందన్న భరోసా లేదు, పైగా కాపుకు ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. మంచి అంటుమొక్క నాలుగైదేళ్లకే కాపు మొదలుపెడుతుంది.

కడియం, కడియపులంక నర్సరీలకు పేరు రావడంలో ఈ అంటు కట్టే పనితనానిదే పెద్ద వాటా. పాత పద్ధతిలో టెంక నుంచి మొలిచిన ఏడాది మొక్కను కుండీతో సహా తల్లి చెట్టు కొమ్మ పక్కకు చేరుస్తారు. రెండింటి లావూ పెన్సిలంత ఉండాలి. పదునైన చాకుతో రెండు వైపులా రెండంగుళాల మేర బెరడు, దాంతోపాటు పలచగా కొయ్య చెక్కుతారు. చెక్కిన ముఖాలు రెండూ ఒకదానికొకటి అతికేలా ఆనించి, గాలి చొరకుండా బిగించి కడతారు. బెరడు కింద ఉండే పచ్చటి పొరలు కలిస్తేనే అంటు పట్టినట్టు. రెండు మూడు నెలలకు అతుకు గట్టిపడుతుంది. అప్పుడు కింది మొక్క తల, పై కొమ్మ మొదలు కత్తిరిస్తారు. వేరు ఒకరిది, రుచి ఇంకొకరిది.

వెనీరు పద్ధతిలో తల్లి చెట్టు దగ్గరే కట్టాల్సిన పని లేదు. కోయబోయే కొమ్మకు వారం పది రోజుల ముందే ఆకులు కత్తిరించి, కాడలు మాత్రం ఉంచుతారు. మొగ్గ ఉబ్బాక కొమ్మ కోసి మొక్కకు అతికిస్తారు. జామకూ దానిమ్మకూ ఇంత శ్రమ లేదు. కొమ్మ మీద అంగుళం మేర బెరడు ఉంగరంలా తీసి, తడి కొబ్బరిపొట్టు పెట్టి ప్లాస్టిక్ కాగితంతో చుడితే అక్కడే వేళ్లొస్తాయి. దాన్నే గాలి అంటు అంటారు.

మొక్క ఇంటికి తెచ్చేటప్పుడు సైకిలు క్యారియరుకు నిలువుగా కట్టాలి. అతుకు మీద తాడు పడకూడదు, గతుకుల్లో అది కదిలితే పడ్డ శ్రమంతా వృథా. ఎదురుగాలికి ఆకులు వాడకుండా తడి గోనెపట్టా చుడితే మంచిది. నాటేటప్పుడు అతుకు నేలకు పైనే ఉండాలి. దాని కింది నుంచి వచ్చే చిగుళ్లు నాటు మొక్కవి, కనిపించగానే గిల్లేయాలి. మొదటి మూడేళ్లూ పూత తుంచేయడం మనసుకు కష్టమే కానీ, చెట్టు బలం పుంజుకునేది అప్పుడే.

కాపున్న పెరట్లో వైశాఖం వచ్చేసరికి చిక్కం చేతికొస్తుంది. కాయ ముదిరిందని చెప్పే గుర్తులున్నాయి. తొడిమ చుట్టూ భుజాలు ఉబ్బుతాయి, ఒకటో రెండో చెట్టునే పండి రాలతాయి. ఇంకా అనుమానముంటే బకెట్టు నీళ్లలో వేస్తారు. ముదురు కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. తొడిమ కొంత పొడవుంచి కోసి, తర్వాత దాన్ని విరిచి కాయను బోర్లించి సొన కారనివ్వాలి. తొక్క మీద సొన పడితే నల్లటి మచ్చ, అక్కడి నుంచే కుళ్లు.

సరిగ్గా అప్పటికి దాళ్వా కోతలై కొత్త గడ్డి ఇంటికి చేరి ఉంటుంది. గది మూలన గడ్డి పరిచి, కాయలు ఒకదానికొకటి ఒత్తుకోకుండా పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పుతారు. పండేటప్పుడు కాయే ఇథిలీన్ వాయువును వదులుతుంది. గడ్డి ఆ వాయువునూ వెచ్చదనాన్నీ పట్టి ఉంచుతుంది. రోజూ తీసి చూస్తూ, పండినవి ఏరుతూ పోతే వారం రోజులకు గది గదంతా వాసన. నిషేధమున్న కార్బైడు పొడి తొక్కకు రంగు తెస్తుంది, దాంతోపాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలనూ తెస్తుంది. గడ్డిలో మాగిన రసానికి తొక్క మీద అక్కడక్కడా పచ్చదనం మిగిలినా లోపల గుజ్జు టెంక దాకా పండి ఉంటుంది.

కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు. గట్టు పక్కన నీళ్లు అడుగంటి బురద నెర్రెలిచ్చే ఆ రోజుల్లోనే, కొత్త చెట్టు వేయదలచినవాళ్లు పెరట్లో మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గొయ్యి తీసి ఎండకు వదిలేస్తారు. పై మట్టి ఒకపక్క, అడుగు మట్టి ఒకపక్క. తర్వాత 50 కిలోల దాకా మాగిన పశువుల ఎరువు పై మట్టిలో కలిపి గొయ్యి పూడుస్తారు. జూన్‌లో కాలవకు నీళ్లు వదిలి, తొలకరి రెండు జల్లులు పడ్డాక, సైకిలు టైర్లకు గాలి కొట్టి, గోనెపట్టా క్యారియరులో మడిచి పెట్టుకుని మళ్లీ కడియం దారి పడతారు.