విల్లును సరిచేసే చేతులు

విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కాంపౌండ్ విలువిద్య వ్యక్తిగత ఫైనల్లో 150కి 149 కొట్టి స్వర్ణం తెచ్చింది. ఆమె గురికి ఎన్నిసార్లు చేతులెత్తి మొక్కినా తక్కువే. అలాంటి గురికి లొంగేలా విల్లును సరిచేసే పనన్నా నాకు అంతే గౌరవం.

కాంపౌండ్ విల్లు లాగుతుంటే మొదట మొండికేస్తుంది. విల్లు కొసల్లోని కప్పీలు తిరిగాక బరువు ఒక్కసారిగా దిగిపోతుంది. 50 పౌండ్ల విల్లులో 75 శాతం తగ్గితే చేతిమీద నిలిచేది 12.5 పౌండ్లే. లాగుడు చివర తాడు గోడకు ఆనినట్టు గట్టిగా ఆగాలి. ఇంకా మెత్తగా సాగుతోందంటే, చాలాసార్లు పై కప్పీ, కింది కప్పీ ఒకేసారి ఆగడం లేదని అర్థం. పనితెలిసిన చెయ్యి దాన్ని లాగగానే పట్టేస్తుంది.

తర్వాత కాగితం పరీక్ష. చట్రానికి కాగితం బిగించి ఆరడుగుల నుంచి బాణం వేస్తారు. మొన చిల్లుకంటే ఈకల చిరుగు పైన ఉంటే, బాణం తోకెత్తి పోతోంది. అల్లెతాడు మీద బాణం కూర్చునే ముడిని కొద్దిగా దించాలి, అదీ వెంట్రుకవాసి. 50 మీటర్ల దూరాన 10 పాయింట్ల వలయం అడ్డం 8 సెంటీమీటర్లే మరి!

అమెరికాలో కాంపౌండ్ విల్లు ఎక్కువగా వేట విల్లే. మన దేశంలో వేట నేరం, గురి మాత్రం గౌరవం. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ ఉంది. ఆ ఆశతో పిల్లలకు ఖరీదైన విల్లు కొనేముందు, దాన్ని సరిచేయగల మనిషిని వెతకండి.