మాట పడిపోయినవారికి అక్షరాభ్యాసం అక్కర్లేదు

పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడో వంతు మందికి మాట కూడా దెబ్బతింటుంది. భాషను నడిపించే మెదడు భాగాలు అత్యధికుల్లో ఎడమ అర్ధగోళంలోనే ఉంటాయి కాబట్టి, అక్కడికి రక్తాన్ని చేర్చే నాళం మూసుకుపోయినా, చిట్లినా, అనుకున్న మాట నోటికి రాకపోవడం, ఒకదానికి బదులు మరొకటి రావడం, ఎదుటివారి మాట వినిపిస్తున్నా అర్థం కాకపోవడం, చదవడం రాయడం కష్టం కావడం వంటి ఇబ్బందులు తలెత్తుతాయి. వైద్యులు ఈ స్థితిని అఫేజియా అంటారు. నాలుక, పెదవుల కండరాలు బలహీనపడి మాట ముద్దముద్దగా రావడం వేరు, దాన్ని డిసార్థ్రియా అంటారు. ఈ తేడాలేవీ తెలియని ఇంటివారు రోగికి మతి పోయిందని గానీ, పసితనం వచ్చిందని గానీ భావించి, పెద్ద బాలశిక్ష ముందుపెట్టి అ ఆలు చెప్పించడం మొదలుపెడతారు. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టించడమే స్పీచ్ థెరపిస్టు చేయవలసిన మొదటి పని, ఎందుకంటే ఆ మనిషి నేర్చిన భాష చాలావరకు లోపలే ఉంది, చెడిపోయింది దాన్ని అందుకునే దారి.

1861లో పారిస్ శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా వర్ణించిన లెబోర్న్ అనే రోగి ‘టాన్’ అనే పలుకు తప్ప దాదాపు మరేదీ పలకలేకపోయినా, అడిగినదాన్ని చాలావరకు గ్రహించి, సైగలతోను స్వరంలోని హెచ్చుతగ్గులతోను జవాబు చెప్పేవాడు. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే ఇందుకు భిన్నమైన రోగులను వర్ణించాడు. వారి మాట ధారాళంగా సాగినా అందులో అర్థం కుదరదు, పైగా ఇతరుల మాట వారికి సరిగా బోధపడదు. ఈ ఇద్దరి పేర్లతోనే నేటికీ అఫేజియాలోని రెండు ప్రధాన రకాలను పిలుస్తున్నారు. వినడం, పేర్లు చెప్పడం, తిరిగి పలకడం, చదవడం, రాయడం అనే వాటిలో ఏది ఎంత మిగిలి ఉందో విడివిడిగా పరీక్షించిన తరువాతే చికిత్స మొదలవుతుంది.

ఈ వృత్తిలోని నేర్పు అంతా ఆధారాన్ని కొలిచి అందించడంలో ఉంటుంది. గోడ గడియారం బొమ్మ చూపి ‘ఇదేమిటి’ అని అడిగిన థెరపిస్టు ముందుగా చేసేది మౌనంగా ఆగడం. మాట రాకపోతే దాని ఉపయోగం అడుగుతారు, అదీ చాలకపోతే ‘టైమెంతయిందో గోడ మీద...’ అని వాక్యాన్ని సగంలో ఆపుతారు, ఆ తరువాత ‘గ’ అనే తొలి అక్షరాన్ని, ఆపైన ‘గడి’ని అందించి, చివరికి మాత్రమే పూర్తి మాట చెప్పి తిరిగి పలికిస్తారు. ఈలోగా రోగి ‘గంట’ అన్నాడనుకుంటే ఇంట్లోవారికి అది తప్పుగా తోస్తుంది. థెరపిస్టు మాత్రం శబ్దంలోనూ అర్థంలోనూ వెతుకులాట సరైన చోటికే చేరువైందని గ్రహించి, మరొక్క ఆధారం ఇచ్చి ఆగుతారు. రోజులు గడిచేకొద్దీ ఈ ఆధారాలను ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వస్తారు. సాధనకు ఎంచుకునే మాటలు కూడా రోగి జీవితంలోంచే రావాలి: దర్జీకి కత్తెర, కొలత టేపు, రైతుకు ఎరువు, మోటారు, ఎవరికైనా మనవల పేర్లు.

పరభాషలో తయారైన అభ్యాసాలను తెలుగులోకి యథాతథంగా మార్చుకుంటే సరిపోదు. ‘కుక్కను పిల్లి తరిమింది’ అనే వాక్యంలో ఎవరు ఎవరిని తరిమారో చెప్పే ఆధారం ‘ను’ అనే విభక్తి ప్రత్యయం ఒక్కటే; దాన్ని పట్టుకోలేని రోగి, మాటల వరుసనూ లోకరీతినీ నమ్మి, కుక్కే పిల్లిని తరిమిందనుకోవచ్చు. అందువల్ల తెలుగు రోగికి విభక్తులూ, క్రియల చివర వచ్చే ప్రత్యయాలూ ప్రత్యేక సాధన కోరతాయి.

మంచినీళ్ళు అడగలేని మనిషి అంకెలు వరుసగా చెప్పడం, చిన్ననాటి భజన పాడడం కుటుంబాలను ఆశ్చర్యపరుస్తుంది. కంఠతా వచ్చినవాటికీ, పాటకూ మెదడులో కుడి అర్ధగోళం తోడ్పాటు ఎక్కువగా ఉంటుందని భావిస్తారు. ఈ గమనిక ఆధారంగా 1973లో బోస్టన్ పరిశోధకులు మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీని ప్రతిపాదించారు. ఇందులో ‘నీళ్ళు కావాలి’ వంటి చిన్న వాక్యాన్ని హెచ్చు, తగ్గు అనే రెండు స్థాయిల రాగంలో, అక్షరానికొక ఎడమచేతి తాటింపుతో పలికించి, క్రమంగా రాగాన్ని తగ్గిస్తూ మామూలు మాటకు తెస్తారు. పాట పాడించి ఊరుకుంటే ఈ ఫలితం రాదు, రాగం నుంచి మాటలోకి దించడమే ఇందులోని చికిత్స.

హైదరాబాదు వంటి నగరంలో ఏ భాషలో చికిత్స చేయాలన్నది మరో ప్రశ్న. నిమ్స్ ఆసుపత్రిలో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, పక్షవాతం తరువాత కూడా జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి సక్రమంగా ఉన్నవారు రెండు లేక అంతకు మించి భాషలు వచ్చినవారిలో 40.5 శాతం, ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం అని తేలింది. అఫేజియా మాత్రం రెండు వర్గాల్లోనూ ఒకే తీరుగా కనిపించింది. కాబట్టి బహుభాషా జ్ఞానం మాట పడిపోకుండా కాపాడకపోయినా, తెలుగులో అందని మాట ఉర్దూలోనో ఇంగ్లీషులోనో దొరికితే దాన్ని సంతోషంగా స్వీకరించడమే మంచి పద్ధతి.

మెరుగుదల తొలి నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తరువాత మందగించినా సంవత్సరాల పాటు సాగవచ్చు. 2016 నాటి కాక్రేన్ సమీక్ష స్పీచ్ థెరపీ వల్ల రోజువారీ సంభాషణలో మేలు జరుగుతుందని తేల్చింది. అయినా డిశ్చార్జి కాగితంలో ఫిజియోథెరపీకి దక్కే వరుస స్పీచ్ థెరపీకి తరచుగా దక్కడం లేదు. ఆ కాగితంలో అది లేకపోతే ఇంటివారే వైద్యుణ్ణి అడిగి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన థెరపిస్టుకు రోగిని చూపించాలి. ఇంటి దగ్గర టీవీ కట్టేసి, ఒక్కొక్కరే, ఒకసారికి ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. మాట వంకరగా వచ్చినా అర్థమైతే దిద్దకుండా సంభాషణ కొనసాగించాలి.