ఓడిపోవడమే అసలు విద్య

1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ (డబ్ల్యూడబ్ల్యూఎఫ్, ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) వాళ్లు ఒక సంగతి ఒప్పేసుకున్నారు. తాము చూపించేది పోటీ కాదని, వట్టి వినోదమేనని. సత్యం మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చి కాదు. పోటీ అంటే బాక్సింగుకు మల్లే అథ్లెటిక్ కమిషన్ అజమాయిషీ ఉంటుంది, లైసెన్సులుంటాయి, పన్నులుంటాయి. వినోదమైతే ఆ బాదరబందీ ఏదీ లేదు. తరతరాలుగా ప్రాణంలా దాచుకున్న గుట్టును డబ్బు మిగులుతుందని వాళ్లే బయటపెట్టేశారు. కాబట్టి "అదంతా లాలూచీ కుస్తీ కదండీ" అని ఇవాళ ఎవరైనా కొత్తగా కనిపెట్టినట్టు చెబితే, ఆ కబురు వయసు ముప్ఫై ఏళ్లు దాటింది.

అయినా గెలిచేదెవరో ముందే తెలిసిన ఆట మనకేం కొత్త? కురుక్షేత్రం నాటకంలో దుర్యోధనుడు గెలుస్తాడేమోనన్న ఆశతో తెల్లవార్లూ మేలుకున్నవాళ్లు లేరు. పద్యం ఎలా ఎత్తుకుంటాడో, రాగం ఎక్కడ దించుతాడో వినడానికే ఆ జాగారం. రెజ్లింగునూ ఆ కంటితోనే చూడాలి. అలా చూస్తూ వచ్చిన నాకు ఒకటి తేలింది. ఇందులో గెలవడం పెద్ద విశేషం కాదు. కాగితం మీద పేరు రాస్తే ఎవడైనా గెలుస్తాడు. ఓడటమే విద్య.

తొంభైల్లో మన కిరాణా కొట్లలో దొరికిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు గుర్తున్నాయా? ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండల కొలత, గెలిచిన పోటీలు అన్నీ అంకెల్లో ఉండేవి. ఎంత బాగా ఓడగలడన్న లెక్క మాత్రం ఏ కార్డు మీదా లేదు. అసలు చూడాల్సిన లెక్క అదే.

ముందు బరి సంగతి చెప్పుకోవాలి. డబ్ల్యూడబ్ల్యూఈ రింగు ఇరవై అడుగుల చదరం. ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పలకల మీద పలచటి ఫోమ్, పైన కాన్వాస్ గుడ్డ. అంతే. లోపల పరుపులున్నాయన్నది చూసేవాళ్ల భ్రమ. చెక్క కాబట్టే మనిషి పడగానే అంత మోత మోగుతుంది. కింద పెట్టిన మైకు ఆ మోతను ఇంకాస్త పెంచుతుంది. కొత్తగా చేరిన కుర్రాడికి మొదట నేర్పేది కొట్టడం కాదు, పడటం. గడ్డం ఛాతీకి అదిమి పెట్టుకోవాలి, లేదంటే తల వెనక భాగం పలకకు కొట్టుకుంటుంది. వీపు వీపంతా ఒక్కసారే ఆనాలి. చేతులు బార్లా చాపి నేలను చరచాలి. పడే క్షణంలో ఊపిరి వదిలెయ్యాలి. దీన్ని బంప్ అంటారు. వెయ్యిసార్లు సరిగ్గా పడ్డవాడు కూడా వెయ్యిన్నొకటోసారి ఆస్పత్రి పాలవుతాడు.

ఎత్తి పడేసే పట్టుల్లో సగం బలం పడేవాడిదే. బాడీస్లామ్‌లో ఎదుటివాడు సమయానికి కాలు ఎగదన్ని, ఎత్తేవాడి మీద చెయ్యి ఆనించి తన బరువు తాను కాస్త మోసుకోకపోతే, ఎత్తేవాడి నడుం విరుగుతుంది. అమెరికాలో పట్టు పట్టేది శరీరం ఎడమ వైపునే. మెక్సికోలో కుడి వైపు. ఎక్కడి నుంచో వచ్చిన ఇద్దరు, ఒకరి ముఖం ఒకరు అంతకుముందు చూడనివాళ్లు, ఇరవై నిమిషాలు తడబడకుండా ఆడగలగడం ఇలాంటి కట్టుబాట్ల వల్లే. హెడ్‌లాక్ పట్టి కాసేపు కదలకుండా ఉన్నారంటే, తర్వాత ఏం చెయ్యాలో చెవిలో గొణుక్కుంటున్నారన్నమాట. రిఫరీ చెవిలో ఇయర్‌పీస్ ఉంటుంది. తెరవెనక నుంచి "రెండు నిమిషాల్లో ముగించండి" అన్న కబురు మోసేది అతడే. ఎవరికైనా నిజంగానే దెబ్బ తగిలితే రెండు చేతులూ తల మీద ఇంటూ గుర్తులా పెడతాడు.

తగిలిన దెబ్బను జనం నమ్మేలా చూపించడాన్ని సెల్లింగ్ అంటారు. మోకాలు పట్టుకుని మూలిగినవాడు పావుగంట తర్వాతా అదే కాలు కుంటాలి. గెలిచాక కూడా కుంటాలి. బెల్టు చేతికి రాగానే గంతులేసేవాణ్ణి పాత అభిమానులు క్షమించరు.

ఇక ఘట్టాల దగ్గరికి వద్దాం. 1987 మార్చి 29న మిషిగన్‌లోని పోంటియాక్ సిల్వర్‌డోమ్‌లో, కంపెనీ ఏటా జరిపే పెద్ద పండగ రెజిల్‌మేనియా మూడోసారి జరిగింది. ఒకవైపు హల్క్ హోగన్, ఇంకోవైపు ఫ్రాన్సులో పుట్టిన ఆండ్రే ద జెయింట్. 93,173 మంది వచ్చారని కంపెనీ ప్రకటించింది. అంతమంది లేరని లెక్కలు తీసినవాళ్లూ ఉన్నారు. కథ చాలా చిన్నది. పదిహేనేళ్లుగా ఓటమి ఎరగని ఆండ్రే, ప్రాణ స్నేహితుడైన హోగన్ మీదికి ఉన్నట్టుండి తిరగబడ్డాడు. బాబీ హీనన్ అనే జిత్తులమారి మేనేజర్‌ను వెంటబెట్టుకుని వచ్చి, హోగన్ చొక్కా, మెడలోని సిలువ తెంపేశాడు. ఆ పదిహేనేళ్ల మాట అబద్ధమే. 1980లో న్యూయార్క్ షే స్టేడియంలో ఇదే హోగన్ ఇదే ఆండ్రేను ఎత్తి పడేశాడు కూడా. ఇంటర్నెట్ లేని రోజులు కాబట్టి చెల్లిపోయింది.

ఆ రాత్రి ఆండ్రేను చూడండి. అప్పటికే నడుముకు ఆపరేషన్ అయింది. బట్టల కింద పట్టీ కట్టుకుని వచ్చాడు. నడవడమే కష్టం, తాళ్లు పట్టుకుని నిలబడతాడు. మ్యాచ్ మొదట్లోనే హోగన్ అతణ్ణి ఎత్తబోయి నడుం విరిగినట్టు కూలిపోయాడు. ఆండ్రే మీద పడ్డాడు, రిఫరీ మూడు లెక్కపెట్టినంత పని చేశాడు. ఈ విఫలయత్నాన్ని మొదటే పెట్టడంలోనే ఉంది తెలివంతా. తర్వాత పది నిమిషాలూ ఆండ్రే చేసిందల్లా హోగన్‌ను బిగించి పట్టుకోవడం, తలతో కొట్టడం, నెమ్మదిగా కదలడం. చివర్లో హోగన్ మళ్లీ చేతులు వేసి ఎత్తాడు, ఈసారి ఆండ్రే లేచాడు. లేచాడు అంటే లేవనిచ్చాడు. అంత భారీ మనిషిని, ఒప్పుకోకపోతే, భూమ్మీద ఎవడూ ఎత్తలేడు. ఆండ్రే ఆ రాత్రి సహకరిస్తాడో లేదో చివరిదాకా తనకే తెలియదని హోగన్ తర్వాత చెప్పుకొచ్చాడు. హోగన్ మాటల్ని సగానికి సగం తగ్గించుకుని వినాలి, అది వేరే విషయం. ఈ మాట మాత్రం నమ్మబుద్ధేస్తుంది. నొప్పితో ఉన్న మనిషి తన పేరంతా తీసుకెళ్లి ఇంకొకడి చేతుల్లో పెట్టాడు. ఆ తర్వాతి సంవత్సరాల్లో కంపెనీ హోగన్ పేరు మీద సంపాదించిన దానికి పెట్టుబడి ఆండ్రేదే. 1993లో, 46 ఏళ్లకే ఆండ్రే పోయాడు.

అదే రాత్రి అదే బరిలో ర్యాండీ సావేజ్, రిక్కీ స్టీమ్‌బోట్ ఆడిన మ్యాచ్ పనితనం తెలిసినవాళ్లకు ఇంకా ఎక్కువ ఇష్టం. పట్టు పట్టూ ముందే వరస రాసుకుని, బట్టీపట్టి ఆడారు. సావేజ్ పట్టుదల అది. ఆ వరస చివర తన ఓటమి రాసి ఉందని తెలిసే అంత కష్టపడ్డాడు.

పదేళ్ల తర్వాత, 1997 మార్చి 23న షికాగో శివార్లలో జరిగిన పదమూడో రెజిల్‌మేనియాలో ఓటమి ఇంకో మెట్టు ఎక్కింది. కెనడా వీరుడు బ్రెట్ హార్ట్ నాయకుడిగా వచ్చాడు, స్టీవ్ ఆస్టిన్ విలన్‌గా వచ్చాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఓటమి ఒప్పుకుంటేనే ఆట ముగిసేది. చివర్లో బ్రెట్ తన షార్ప్‌షూటర్ పట్టు వేశాడు. కాళ్లు రెండూ మెలివేసి, వెన్ను వెనక్కి వంచే పట్టు అది. ఆస్టిన్ నుదుటి నుంచి కారిన నెత్తురు కళ్ల మీదుగా పళ్ల సందుల్లోకి దిగుతోంది. అరచేతుల మీద లేవబోయాడు, పట్టు సడలినట్టే సడలి మళ్లీ బిగిసింది. ఒప్పుకోలేదు. స్పృహ తప్పి ఒరిగిపోయాడు. రిఫరీగా ఉన్న కెన్ షామ్‌రాక్ మ్యాచ్ ఆపేశాడు. గెలిచిన బ్రెట్, పడున్నవాణ్ణి ఇంకా తన్నబోయాడు. ఆస్టిన్ ఎవరి ఆసరా తీసుకోకుండా కుంటుకుంటూ వెళ్లిపోతుంటే, జనం అతడి పేరే అరుస్తున్నారు. ఒక్క మ్యాచ్‌లో నాయకుడు విలనయ్యాడు, విలన్ నాయకుడయ్యాడు. ఈ పరిశ్రమలో ఇంతకంటే చక్కటి కథనం నేను చూడలేదు.

ఆ బ్రెట్ హార్టే, అదే ఏడాది నవంబరు 9న, మాంట్రియల్‌లో మోసపోయాడు. అప్పటికి ఛాంపియన్ అతడే. అంతకు ఏడాది ముందు ఇరవై ఏళ్ల ఒప్పందం ఇచ్చిన యజమాని విన్స్ మెక్‌మాన్, అంత డబ్బు ఇక ఇవ్వలేనని చేతులెత్తేశాడు. బ్రెట్ పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూకు వెళ్లడానికి సిద్ధమయ్యాడు. పోయేవాడు పోతూ పోతూ ఓడి, ఉన్నవాడి పేరు పెంచి పోవాలన్నది ఈ వృత్తిలో పాత ఆచారం. బ్రెట్ ఓడనని అనలేదు. సొంత దేశంలో, పడని మనిషి షాన్ మైకేల్స్ చేతిలో మాత్రం ఓడనన్నాడు. చివరి రోజుల కథ మీద అతడికి హక్కు ఒప్పందంలోనే ఉంది. మెక్‌మాన్ భయమూ ఉత్తిది కాదు. 1995 డిసెంబరులో అతడి మహిళా ఛాంపియన్ ఒకావిడ బెల్టుతో సహా పోటీ కంపెనీకి వెళ్లి, టీవీలో దాన్ని చెత్తబుట్టలో పడేసింది.

మ్యాచ్ గొడవలో ముగిసిపోతుందని బ్రెట్‌కు చెప్పారు. నడుమ ఒకచోట మైకేల్స్ అతడికే షార్ప్‌షూటర్ వెయ్యాలి, బ్రెట్ దాన్ని తిప్పికొట్టాలి. కాళ్లు అప్పగించి బోర్లా పడుకున్నాడు. అంతే, రింగు పక్కన నిలబడ్డ మెక్‌మాన్ గంట కొట్టమని అరిచాడు, రిఫరీ ఎర్ల్ హెబ్నర్ మ్యాచ్ ముగించి పరుగందుకున్నాడు. బ్రెట్ లేచి మెక్‌మాన్ ముఖాన ఉమ్మాడు. వేలితో గాలిలో డబ్ల్యూ, సీ, డబ్ల్యూ అని రాశాడు. మానిటర్లు పగలగొట్టాడు. డ్రెస్సింగ్ రూములో యజమానిని గుద్ది పడేశాడు. అదే సమయంలో అతడి మీద డాక్యుమెంటరీ తీస్తున్నారు కాబట్టి, ఆ రోజు మెక్‌మాన్ ఇచ్చిన మాట కూడా రికార్డయింది.

బ్రెట్ మొండితనం తక్కువదేమీ కాదు. కానీ తప్పెవరిదంటే నేను యజమానిదే అంటాను. మెడా నడుమూ ఎదుటివాడి చేతుల్లో పెట్టి ఆడే వృత్తి ఇది. ఓటమి ఒకరు ఇవ్వాలి, ఇంకొకరు పుచ్చుకోవాలి. మాంట్రియల్‌లో దాన్ని దొంగిలించారు. విచిత్రమేమిటంటే ఆ దొంగతనమే కంపెనీని నిలబెట్టింది. జనం నిజంగా అసహ్యించుకున్న మెక్‌మాన్, ఆ అసహ్యాన్నే పెట్టుబడిగా పెట్టి టీవీలో విలన్ యజమాని వేషం కట్టాడు. ఎదురుగా కూలివాడి కోపం మూటగట్టుకున్న ఆస్టిన్. బ్రెట్, మైకేల్స్ అదే కంపెనీ బరిలో చేతులు కలపడానికి 2010 జనవరి దాకా పట్టింది.

అభిమానులు నెత్తిన పెట్టుకునే ఇంకో ఘట్టం నాకు నచ్చదు. 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్ చేతిలో మిక్ ఫోలీ పదహారు అడుగుల పంజరం పైనుంచి వ్యాఖ్యాతల బల్ల మీద పడ్డాడు. అది అనుకున్నదే. మళ్లీ పైకెక్కాడు, ఈసారి కప్పు తెగి సరాసరి రింగులో పడ్డాడు. అది అనుకున్నది కాదు. ఫోలీ ధైర్యానికి దణ్ణం పెట్టొచ్చు, కానీ ఇందులో విద్య లేదు, అదృష్టం ఉంది. ఆ అదృష్టం అందరికీ ఉండదు. 1999 మే 23న బ్రెట్ తమ్ముడు ఓవెన్ హార్ట్‌ను కాన్సాస్ సిటీలో పైకప్పు నుంచి తాడుతో దింపబోతే, కొక్కెం ఊడి పడి చనిపోయాడు. కంపెనీ ఆ రాత్రి కార్యక్రమాన్ని ఆపలేదు. ఈ మచ్చ పోదు.

అండర్‌టేకర్ ఓటమికి ఇరవై మూడేళ్లు పట్టింది. 1991లో జిమ్మీ స్నూకాతో మొదలుపెట్టి రెజిల్‌మేనియాలో వరసగా 21 గెలుపులు. 2014 ఏప్రిల్ 6న న్యూఆర్లీన్స్‌లో బ్రాక్ లెస్నర్ మూడోసారి ఎత్తి పడేశాక రిఫరీ చెయ్యి మూడోసారి నేలను తాకింది. జనానికి అరవడం కూడా తోచలేదు. తెర మీద 21–1 అన్న అంకెలు పడ్డాక గానీ చాలామంది నమ్మలేదు. ఆ ఓటమి అక్కర్లేదని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదన పన్నెండేళ్లయినా చల్లారలేదంటేనే పని జరిగిందని లెక్క.

మనకు దగ్గరి ముచ్చటొకటి ఉంది. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా ఆడాడు. సెత్ రోలిన్స్‌తో జోడీ కట్టి, గున్తర్ ముఠాలోని కైజర్, విన్చీలను మట్టి కరిపించాడు. హైదరాబాద్ కుర్రాళ్లకు పండగ. రెండేళ్ల తర్వాత, 2025 డిసెంబరు 13న, వాషింగ్టన్‌లో సీనా ఆఖరి మ్యాచ్ అదే గున్తర్‌తో. పట్టు విడవనని చొక్కాల మీద రాసుకుని ఇరవై ఏళ్లు తిరిగినవాడు, మెడ చుట్టూ బిగిసిన గున్తర్ చెయ్యిని తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. జనం కంపెనీని తిట్టిపోశారు, మన దగ్గరా తిట్టుకున్నారు. తిట్టుకున్నవాళ్లు వీలు చూసుకుని ఆ మ్యాచ్ ఇంకొకసారి చూడండి, గున్తర్‌ను వదిలేసి సీనాను మాత్రమే చూడండి. 2002 జూన్‌లో కర్ట్ యాంగిల్ చేతిలో ఓడి మొదలుపెట్టిన మనిషి అతడు.