రాళ్లు పుట్టని నేలలో రాతి తీరం

గోదావరి డెల్టా నేలలో పుట్టిన రాయి లేదు. నది వేల ఏళ్లుగా మోసుకొచ్చి పేర్చిన ఒండ్రు మీదనే కాకినాడ నుంచి నరసాపురం దాకా ఊళ్లన్నీ నిలిచి ఉన్నాయి. ఇక్కడ బావి తవ్వినా, ఇంటికి పునాది తీసినా తగిలేది ఇసుక, బంకమన్నే తప్ప బండ కాదు. కనుక కాకినాడకు ఉత్తరాన, ఉప్పాడ ఒడ్డున అలలు విరుచుకుపడే బండరాళ్ల గుట్టలను చూపి, అది ప్రకృతిసిద్ధమైన రాతి తీరమనీ, నగరానికి ఇంత చేరువలో అంతటి ఏకాంతమూ అంతటి కఠిన సౌందర్యమూ మరెక్కడా దొరకవనీ మెచ్చుకునే మాట ఈ వారం మరొకసారి వినబడినప్పుడు, దానిని సవరించకుండా వదిలిపెట్టడం ఈ శీర్షికకు సాధ్యం కాలేదు. ఆ రాళ్లు లోపలి కొండల నుంచి లారీల మీద వచ్చినవి. వాటి అడుగున ఒకప్పుడు మామూలు ఇసుక ఒడ్డు ఉండేది. దాని ముందు, ఇప్పుడు అలలు లేస్తున్న చోట, ఇళ్లు ఉండేవి.

నిజమైన రాతి తీరం చూడదలచినవారికి విశాఖపట్నం ఉంది. తూర్పు కనుమలు సముద్రం దాకా చొచ్చుకువచ్చిన చోటు అది. యారాడ కొండ మీదనైనా, తెన్నేటి పార్కు దిగువనైనా కనిపించేది ఖొండలైట్ అనే శిల, అంటే కనుమల్లో నివసించే కోందుల పేరు మీద భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే, ఎండకు ఎండి వానకు నాని ఎర్రబారే అతి ప్రాచీనమైన రాయి. అక్కడ కొండకూ అలకూ మధ్య పోరు మనిషి పుట్టకముందు నుంచీ సాగుతున్నది. ఉప్పాడలో ఆ పోరు నిన్న మొన్నటిది, అందులో ఒక పక్షం మనుషులది.

ఈ శీర్షికను క్రమంగా చదివేవారికి తెలిసిన పాత పట్టుదల ఒకటి ఇక్కడ మళ్లీ ప్రస్తావనకు వస్తుంది. ఒడ్డునంతటినీ బీచ్ అనే ఒక్క మాటతో కట్టిపడేయడం వల్ల తీరాన్ని చూసే చూపే మొద్దుబారింది. నదీపాయ సముద్రంలో కలిసే చోటు మొగ. నీటి నడుమ ఇసుక మేటవేసి తేలిన నేల తిప్ప. ఉప్పు పేరుకొని పైరు పండని తీరభూమి పర్ర. ఆటుపోట్ల బురదలో ఊపిరి వేళ్లు పైకి పొడుచుకువచ్చే చెట్ల గుంపు మడ. ఈ మాటలు తెలిసినవారికి కాకినాడ తీరం నాలుగు రకాలుగా కనిపిస్తుంది. తెలియనివారికి అక్కడ అలలు లేని బురదనీరు మాత్రమే కనిపిస్తుంది, కాకినాడకు సముద్రం ఉన్నా బీచ్ లేదన్న ఫిర్యాదు పుడుతుంది.

ఆ ఫిర్యాదుకు కారణమైనదీ, ఉప్పాడ ఒడ్డును సముద్రం కోసుకుపోవడంలో భాగం ఉన్నదీ ఒకే ఇసుక మేట. నగరానికి తూర్పున సముద్రంలో సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగిన హోప్ ఐలాండ్ నిజానికి దీవి కాదు, ఇసుక నాలుక. అంటే ఒక కొస నేలను అంటి, రెండో కొస సముద్రంలోకి చాచుకుపోయే మేట. గౌతమి పాయ మొగ దగ్గర కుమ్మరించిన ఇసుకను తీరం వెంబడి సాగే ప్రవాహం ఉత్తరానికి నెట్టుకుపోగా గడచిన రెండు శతాబ్దాల కాలంలో అది ఏర్పడింది. నైరుతి రుతుపవనాల కాలంలో ఈ ప్రవాహం ఉత్తరానికీ, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికీ నడుస్తుంది. ఏడాది మొత్తం లెక్కవేస్తే ఉత్తరానిదే పైచేయి. ఆ ఇసుక నాలుక కాకినాడకు గోడలా అడ్డు నిలవడం వల్లనే లోపలి నీరు చెరువులా ఉంటుంది, ఓడలకు ఆశ్రయం దొరుకుతుంది. అయితే దాని కొస దాటి వచ్చే అల వంగుతుంది. వంగిన అలల బలం గోడ చాటు లేని ఉప్పాడ వైపు పోగవుతుంది. దీనికి తోడు నది మీద ఎగువ నుంచి కట్టుకుంటూ వచ్చిన జలాశయాల్లో ఒండ్రు నిలిచిపోతున్నది. సముద్రం తీసుకుపోయేది తగ్గలేదు, నది తెచ్చి ఇచ్చేది తగ్గింది.

ఒడ్డును నిలబెట్టేందుకు 2010 ప్రాంతంలో ఉప్పాడ దగ్గర జియోట్యూబులు వేశారు. గట్టి కృత్రిమ వస్త్రంతో కుట్టిన పొడవాటి గొట్టం సంచుల్లో ఇసుక నింపి కట్టిన గట్టు అది. కాలక్రమంలో అవి చిరిగిపోగా బండరాళ్లే మిగిలాయి. రాతికట్ట వెనుక ఉన్న రోడ్డుకు కొంతకాలం రక్షణ ఇస్తుంది కానీ, దానికి కొట్టుకొని వెనుదిరిగే అల కట్ట పాదం దగ్గరి ఇసుకను తోడుకుపోతుంది, రాళ్లు కుంగుతాయి, మళ్లీ రాళ్లు పోయాలి. కట్ట ఆగిన చోట పక్క ఊరి ఒడ్డు మరింత త్వరగా తెగుతుంది. తుపాను వెళ్లిన మర్నాడు విరిగిన రోడ్డు అంచును వంగి చూస్తే తారు, దాని కింద కంకర, దాని కింద మట్టి, ఆ అడుగున మళ్లీ తారు కనిపిస్తాయి. మాను నరికినప్పుడు వలయాలను బట్టి వయసు చెప్పినట్లు, ఆ పొరలను బట్టి రోడ్డు ఎన్నిసార్లు పోయిందో చెప్పవచ్చు.

ఇటువంటి చోటికి విహారానికి వెళ్లడం తగునా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. దానికి జవాబు వెతకాలంటే, ఈ డెల్టాలో సముద్రం దగ్గరికి వెళ్లడమనే ఆచారం ఎలా ఉండేదో ముందు చూడాలి. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకరాదని పెద్దలు నియమం పెట్టారు. ఆ నియమానికి లోబడి నడిచినదే సప్తసాగర యాత్ర. గోదావరి ఏడు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుందనీ, ఒక్కొక్క పాయను ఒక్కొక్క ఋషి తీసుకువెళ్లాడనీ ఐతిహ్యం. గౌతమి, వసిష్ఠ, ఆత్రేయ, భారద్వాజ, కౌశిక వంటి పేర్లు ఆ నమ్మకం నుంచి వచ్చినవే. పుష్య బహుళ అమావాస్యనాడు, అంటే చొల్లంగి అమావాస్యనాడు, కాకినాడ పక్కనున్న చొల్లంగిలో తుల్యభాగ పాయ కలిసే చోట స్నానం చేసి బయలుదేరిన యాత్రికులు మొగ తరువాత మొగ దాటుకుంటూ, మాఘ శుద్ధ ఏకాదశికి, అంటే భీష్మ ఏకాదశికి, అంతర్వేది చేరేవారు. అక్కడ లక్ష్మీనరసింహస్వామి రథం కదిలేదీ ఆ రోజే.

ఆ పదకొండు రోజుల ప్రయాణంలో విహారమన్నది లేదు. అమావాస్యనాడు సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేయడం వల్ల పోటు, అంటే సముద్రం ఒడ్డెక్కే వేళ, మామూలు కంటే పెద్దదిగా ఉండి ఉప్పునీరు పాయల్లోకి ఎగదన్నుతుంది. పాటు, అంటే నీరు తీసే వేళ, అంతే దూరం వెనక్కి పోతుంది. నదీ సముద్రమూ కలిసే చోటును కంటితో చూడడానికి అంతకంటే మంచి రోజు లేదు. యాత్రికుడు మునిగి, తర్పణం వదిలి, తడిబట్టలతోనే తరువాతి మొగకు నడిచేవాడు. ఏటా ఏడు మొగలనూ వరుసగా కాలినడకన చూసే జనానికి ఏది పూడిందో, ఏది పక్కకు జరిగిందో, ఏ తిప్ప కొత్తగా తేలిందో తెలియకుండా ఉండదు. ఒక్కోసారి ఆ మార్పు ఒక్క రోజులోనే వచ్చేది: 1839 నవంబరు 25న ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టింది. బర్మాలో తెలుగువారికి కొరంగీలన్న పేరు నిలిచిపోయేంతటి ప్రఖ్యాతి గల ఆ రేవు నేడు చిన్న ఊరు, దాని చుట్టూ 1978లో ఏర్పడిన వన్యప్రాణి అభయారణ్యపు మడలు. తుల్యభాగ పేరు ఇప్పుడు పొలాల మురుగునీరు మోసే డ్రెయిన్‌కు మిగిలింది. పుణ్యం సంగతి ఎలా ఉన్నా, ఆ యాత్ర తీరానికి జనం ఏటా రాసిన లెక్క. ఇప్పుడు ఆ లెక్క రాయగలిగేది ఒడ్డు చూడడానికి వెళ్లేవారే.

ఏకాంతమైన ఒడ్డు కావలసినవారికి హోప్ ఐలాండ్ ఉందనీ, అక్కడికి ఏడాది పొడవునా పడవలు నడిపితే కాకినాడ లోటు తీరుతుందనీ ఈ శీర్షిక లోగడ వాదించింది. ఆ వాదన సరికాదు. శీతాకాలపు రాత్రుల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఆ ఇసుక ఎక్కి, వెనుక కాళ్లతో గుంట తీసి గుడ్లు పెడతాయి. దీపం వెలుగుకూ అడుగుల చప్పుడుకూ బెదిరిన తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. అక్కడి ఏకాంతం వాటి అవసరం. మనుషులు వెళ్లవలసిన ఒడ్డు ఉప్పాడే. ఆ బండలను సహజమనుకొని మెచ్చుకోవడానికి వచ్చేవారు కూడా, రెండోసారి వచ్చినప్పుడు రోడ్డు మలుపు మారిందని గుర్తించక తప్పదు. ఎవరూ రాని తీరం తెగిపోతే ఆ సంగతి ఆ ఊరివారి గోడుగానే ఉండిపోతుంది. వెళ్లేవారు పాటు వేళ చూసుకొని వెళ్లడం, నాచు పట్టిన రాళ్ల మీదికి ఎక్కకుండా ఉండడం అవసరం. ఆ రాళ్ల సందుల్లో కాలు ఇరుక్కుంటే, తరువాతి అల వచ్చేలోగా తీసుకోవడం కష్టం.

2020 నవంబరులో నివర్ తుపాను వెలిసిన తరువాత ఇక్కడి ఒడ్డున ఆడవాళ్లూ పిల్లలూ గుంపులుగా కూర్చుని, అల వెనక్కి తీసినంతసేపూ తడి ఇసుకను వేళ్లతో కెలికి, నూకంత బంగారు రవ్వల కోసం వెతికారు. సముద్రంలో కలిసిన ఇళ్లవీ గుళ్లవీ ఆ రవ్వలని ఊరివారు చెబుతారు. కోనపాపపేట వంటి మత్స్యకార గ్రామాల్లో పాత వీధి ఎక్కడుండేదని అడిగితే, ముసలివారు ఒడ్డు వైపు చూడరు. రాళ్లకు అవతల, వల వేసే పడవ ఊగుతున్న చోటికి చెయ్యి చాపి చూపిస్తారు.