రెండు నదులను కన్న కొండ

అనంతగిరీ! మబ్బు ముసుగు సగం తీసి సగం కప్పుకున్న పచ్చని తల్లీ! శ్రావణపు జల్లుల్లో తలంటుకుని మద్దిచెట్ల మీద కురులారబోసుకున్న కొండమ్మా! ఏరు మూలం, ఋషి మూలం అడగరాదంటారు పెద్దలు. ఆ రెండు మూలాలనూ ఒక్క కొంగున ముడేసుకుని కూర్చున్నదానివి నువ్వు. ఆ ముడి విప్పి చూపమని అడగడానికే వచ్చాం మేము. ఒక్క బడిలో పలకలు పగలగొట్టుకున్న నేస్తాలం, ఇప్పుడు తలలు నెరిసిన పిల్లలం.

నీ దగ్గరికి వచ్చే దారే ఒక పూజ. మొయినాబాద్ దాటింది మొదలు మన్నెగూడ దాకా బీజాపూర్ బాటకు అటూ ఇటూ ఆ మర్రులు, చేవెళ్ల మర్రులు! ఊడలు దించి, కొమ్మలు చాచి, నడినెత్తిన చేతులు కలిపి నీడను పందిరి వేసిన ముత్తవ్వలు. ఆ నీడ కోసం మనుషులు న్యాయస్థానం మెట్లెక్కారు. ఆ నీడలో నడిచి రాజ్యాలు వచ్చాయి, రాజ్యాలు పోయాయి. మేమూ ఆ నీడలోంచే, కారు అద్దాలు దించి, పాత పాటలు ఎత్తి, ఎవరి గొంతు ఎవరిదో తెలియకుండా అరుచుకుంటూ వచ్చాం.

వికారుల్ ఉమ్రా పేరు పెట్టుకున్న నీ పాదాల ఊరు వికారాబాద్. అక్కడ రైలు పట్టాలు చీలిపోతాయి. ఒక జత తాండూరు మీదుగా వాడీకి, ఒక జత జహీరాబాద్, బీదర్ల మీదుగా పర్లికి. మా బతుకులూ ఆ ప్లాట్‌ఫారం మీదే చీలాయి. ఒకడు తాండూరు బండల వ్యాపారానికి, ఒకడు పట్నం కొలువుకు, ఒకడు గల్ఫు ఇసుకకు, ఒకతె బీదరు కోడలై కన్నడపు పలుకుకు. ఇన్నేళ్ల తర్వాత ఆ జంక్షన్ టీ కొట్టు దగ్గర నలుగురి పొగలూ కలిసి ఒక్క మబ్బై నీ వైపే కదిలింది.

ఏమి అడవి తల్లీ నీది! టేకాకు మీద చినుకు పడితే డప్పు, వెదురాకు మీద పడితే గజ్జె, మోదుగాకు మీద పడితే తాళం. వంపు తిరిగితే నెమలి కేక, మలుపు తిరిగితే మట్టి వాసన. సీతాఫలం పొదల్లో కళ్లు విప్పని కాయలు, తునికి కొమ్మల్లో తడిసిన పిట్టలు. ఈ గాలి గొప్పతనం ఎరిగే కదా నిజాం కాలంలో క్షయ రోగుల ఆసుపత్రిని నీ ఒడిలో కట్టారు! దగ్గి దగ్గి అలసిన రొమ్ములెన్నో నీ చెట్ల ఊపిరిని అరువు తీసుకున్నాయి. నువ్వు మటుకు ఎన్నడూ బాకీ అడగలేదు.

మెట్లు దిగితే నీ గుండెల్లో కొలువైన అనంత పద్మనాభుడు, పక్కనే భవనాశి గుండం. ఇక్కడే కదా నీ ఋషి నిద్ర! దేవతల కోసం యుద్ధాలు చేసి అలసిన రాజర్షి ముచుకుందుడు వరాలన్నీ కాదని నీ గుహలో నిదురే కోరుకున్నాడు. కాలయవనుడు తరుముకొస్తుంటే కృష్ణుడు ఆ గుహలో దూరాడు, రాజు కళ్లు తెరిచాడు, ఆ చూపుకు యవనుడు బూడిదయ్యాడు. అలా మేల్కొన్న రాజు కృష్ణుడి పాదాలు కడిగితే, ఆ కడిగిన నీరే ముచుకుంద, ఆ ముచుకుందే మూసీ అని నీ నేల చెప్పుకునే కథ. తొలి ఏకాదశి జనమూ, కార్తీక జాతర జనమూ ఆ కథనే తడిబట్టలతో చుట్టి వస్తారు.

కథ విన్నాం, ఇక ఏరును వెతికాం. పైన చిల్లుల జేగురు రాయి, కింద నల్లరాయి. కురిసిన వాన ఎర్రరాయిలో ఇంకి, నల్లరాయి మీద ఆగి, దారి వెతుక్కుని, రెండింటి సందున చెమ్మై పొటమరిస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని చూశాం. నాచు పట్టిన అంచున ఒక చుక్క ఉబ్బింది, వణికింది, ఆకాశమంతా తనలో తలకిందులుగా చూపించింది, జారింది. వెనకే మరొకటి. చీమ ఒకటి ఆ ధారను దాటలేక వెనక్కి తిరిగింది.

“ఇదేనారా మూసీ? దోసెడు లేదు గదరా!” అన్నాడు పట్నంవాడు.

“పుట్టినప్పుడు నువ్వెంతున్నవ్ మరి?” అంది బీదరు కోడలు.

నవ్వులు కొండకు తగిలి తిరిగొచ్చాయి. పట్నంవాడు మాత్రం నవ్వలేదు. 1908లో ఆ పట్నాన్ని ముంచెత్తింది ఈ చుక్కే. 1920 నాటి గండిపేట చెరువులో నిలిచి ఆ పట్నం దాహం తీర్చిందీ ఈ చుక్కే. అదే పట్నం మురుగును మౌనంగా మోస్తున్నదీ ఈ చుక్కే. చెప్పులు విప్పి, దోసిలి పట్టి, కళ్లకద్దుకున్నాడు.

మధ్యాహ్నం నీ పడమటి మొగాన కోట్‌పల్లి చెరువు. తెడ్లు వేస్తుంటే నీళ్లు పగిలి ఎండై చిమ్మాయి. పడవలు ఢీకొని పాత పగలు కేకలై కరిగాయి. అటునుంచి తాండూరు. ఒకనాటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి అక్కడి గనుల్లో మడతలు పెట్టిన చీరల్లా పొర మీద పొర. ఉలి మొన అంచున ఆనింది, సుత్తి పడింది, ఖణేలుమంది, బండ పలకగా లేచింది. నేస్తం దాని మీద చెంబెడు నీళ్లు పోశాడు. బూడిదరంగు కాస్తా నీలమై మెరిసింది. ఎన్ని ఇళ్ల నట్టింట మా బోటి పిల్లలు ఆ సముద్రం మీద బోర్లా పడుకుని ఎక్కాలు వల్లించారో! అతని ఇంటి బండల మీదే బాసింపట్లు వేసుకుని జొన్న రొట్టెలు తుంచాం; 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది, ఆ నల్లరేగడి బిడ్డ, పప్పై, కమ్మని వాసనై, రెండో రొట్టెనూ మూడో రొట్టెనూ తనే అడిగింది.

అక్కడే, కాగ్నా ఒడ్డున, నీ ముడి విడింది తల్లీ! నీ తూర్పు వాలున పడిన చినుకు మూసీ అవుతుంది. గండిపేట నిండి, పట్నం దాటి, నల్లగొండ చేలు తడిపి వాడపల్లి దగ్గర కృష్ణను చేరుతుంది. జానెడు అవతల, పడమటి వాలున పడిన దాని తోబుట్టువు కాగ్నా అవుతుంది. తాండూరు దాటి, కన్నడ సీమలో భీమను చేరి, భీమతో కృష్ణను కలిసి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగరం దాటుకుంటూ అదే వాడపల్లికి వస్తుంది. నీ నెత్తిన విడిపోయిన రెండు చినుకులు, అన్ని ఊళ్లు తిరిగి, అన్ని పేర్లు మార్చుకుని, కృష్ణమ్మ ఒడిలో ఒకదాన్నొకటి గుర్తుపడతాయి!

విడదీయడం తెలిసినదానా, విడదీసినవాటిని కలిపే వాలు ముందే గీసినదానా! నీకు మొక్కుతున్నాం. నలుగురిని నాలుగు దిక్కులకు పంపింది నువ్వే అయితే, పంపు. పేర్లు మారనీ, భాషలు మారనీ, నడకలు మారనీ. మా దారులు మాత్రం నీ నీటి దారులే కావాలి. మా వాడపల్లి ఎక్కడున్నా అక్కడికి మమ్మల్ని పారించు, అనంతగిరీ!